నురగ ముఖం

వంటింటి గట్టు మీద పాత బీటర్ తిరుగుతోంది. గిన్నెలో రబ్బరు పాలు నురగలు నురగలుగా పొంగుతున్నాయి. అమ్మోనియా ఘాటుకి కిటికీలన్నీ తీసిపెట్టాను. చివర్లో గడ్డకట్టే మందు కలిపి, నురగను చేతిబొమ్మ ముఖం ప్లాస్టర్ అచ్చులోకి వంపాలి. తొందరపడితే ముక్కు కొన దగ్గర గాలి బుడగ మిగులుతుంది. ఆలస్యమైతే గిన్నెలోనే గట్టిపడుతుంది. పాలు తోడుపెట్టే చేతికి ఈ ఓపిక కొత్త కాదు.

తర్వాత ఓవెన్‌లో, నీళ్లు మరిగే వేడి కంటే తక్కువలో, గంటల తరబడి. ఆ ఓవెన్‌లో ఇక తిండి వండకూడదు.

అచ్చు విప్పేటప్పుడు మాత్రం ఎన్నిసార్లు చేసినా గుండె ఝల్లుమంటుంది. కళ్లు లేని ముఖం, లోపలంతా బోలు. చెయ్యి దూర్చి బొటనవేలు కదిపితే దవడ కదిలింది. బుగ్గల మీద ఆ ముడతలు మా అమ్మమ్మవి! అచ్చు కోసం ముఖాన్ని మట్టిలో దిద్దుతున్నప్పుడు నాకే తెలియలేదు. 1980 నాటి స్టార్ వార్స్ సినిమాకి యోడా బొమ్మను మలిచిన స్టువర్ట్ ఫ్రీబోర్న్ అద్దంలో తన ముఖాన్నే చూసుకున్నాడట. చేతులు తమకు తెలిసిన ముఖాల్నే వెతుక్కుంటాయేమో. మనం మరిచిపోయామనుకున్నవి వేళ్లు దాచుకుంటాయేమో.

నురగ రబ్బరు ఎక్కువ కాలం నిలవదు. వెలుతురూ గాలీ తగిలి, కొన్నేళ్లకు పెళుసుబారి పొడిగా రాలిపోతుంది. ప్లాస్టర్ అచ్చు ఉంటుంది. దాన్ని అమ్మమ్మ పాత నేతచీరలో చుట్టి అటక మీద పెట్టాను.