సత్రం యజమాని ఎక్కడున్నాడు?



పోయిన డిసెంబరులో సీతాఫల్‌మండిలో ఉంటున్న మా చెల్లెలి ఇంటికి వెళ్లాను. మా ఊరి నుండి సికింద్రాబాదుకు వచ్చి ఎం.ఎం.టి.ఎస్. రైలెక్కితే తర్వాతి స్టేషనే. రెండు గదుల అద్దె ఇల్లు. ఆ వారమే వాళ్ల వియ్యాలవారు కూడా వచ్చారు. ముందు గది వారికిచ్చి, "అన్నయ్యా, ఏమీ అనుకోకు, నీకు వంటింట్లో పక్క వేశాను" అంది చెల్లి తల వంచుకుని.

దాని మనవడు ఎనిమిదేళ్లవాడు. సండే స్కూలు క్రిస్మస్ నాటికలో వాడికి సత్రం యజమాని వేషం ఇచ్చారు. ఒక్కటే మాట: "చోటు లేదు, పొండి!" తోటి పిల్లలు "యేసయ్యను గెంటేసినోడు" అని ఏడిపిస్తున్నారట. రాత్రి నా పక్కన పడుకుని అడిగాడు: "తాతయ్యా, ఆయన పేరు బైబిల్లో ఏముంది?"

ఫోను వెలుగులో లూకా 2వ అధ్యాయం తీశాను. యజమాని లేడు. తలుపు తట్టడం లేదు, గెంటడం లేదు. సత్రంలో చోటు లేదనీ, శిశువును పశువుల తొట్టిలో పరుండబెట్టారనీ మాత్రమే ఉంది. ఆ రాత్రే ఊళ్లోకి వచ్చారని కూడా లేదు. వారు అక్కడ ఉండగా ప్రసవదినాలు నిండాయని 6వ వచనం చెబుతుంది.

ఇంకొక సంగతి. మనకు "సత్రము" అని ఉన్నచోట లూకా వాడిన గ్రీకు మాట "కతాలుమా". అదే మాట లూకా 22:11లో వస్తే, పస్కా భుజించిన ఆ చోటును మన బైబిలు "విడిది గది" అంటుంది. డబ్బిచ్చి బస చేసే చోటుకు లూకా వేరే మాట వాడాడు. మంచి సమరయుని ఉపమానంలో పూటకూళ్లవాని ఇల్లు అదే. ఆ కాలపు పల్లె ఇళ్లలో చాలావాటిలో పశువులను రాత్రి ఇంట్లోనే ఓ పక్కన కట్టేవారు. తొట్టి అక్కడే. కాబట్టి ఎవరో ఒక పేద కుటుంబం, విడిది గది నిండిపోతే, తాము పడుకునే చోటే ఇచ్చి ఉండవచ్చు.

జ్ఞానుల సంగతీ అంతే. ముగ్గురని మత్తయి రాయలేదు, కానుకలే మూడు. రాజులనీ రాయలేదు. వారు వచ్చింది "ఇంటి"లోకి. డిసెంబరు 25 అనే తేదీ కూడా లేఖనంలో లేదు. రోమా సంఘం దాన్ని ఆచరించినట్టు 4వ శతాబ్దంలో కనబడుతుంది.

నక్షత్రాలు దించేయమని నేననడం లేదు. పశువుల పాక బొమ్మ మా మందిరంలోనూ పెడతాం. కానీ ఇన్నేళ్లు పులపిటమీద నిలబడి, వాక్యంలో లేని మనిషిని నేను దోషిని చేశాను. "నీ హృదయం ఆ సత్రం యజమానిలాంటిదా?" అని విశ్వాసులను గద్దించాను. నా అన్న ఇంట్లో చోటు చాలక వంటింట్లో పక్క వేసిన చెల్లెలిలాంటివారే బేత్లెహేములో ఉన్నారేమో అని ఒక్కసారీ ఆలోచించలేదు.

వాడితో అన్నాను: "నాన్నా, ఆయన పేరు బైబిల్లో లేదు. ఆయనే లేడు." వాడు కాసేపు ఆలోచించి, "అయితే నేను చోటిచ్చినోడి వేషం వేస్తా" అన్నాడు.

ఊరికి తిరిగొచ్చిన ఆదివారం సంఘం ముందు నా పొరపాటు ఒప్పుకున్నాను. ప్రియులారా, ఈ క్రిస్మస్‌కు ప్రసంగం వినకముందే మత్తయి, లూకా మొదటి రెండేసి అధ్యాయాలు ఇంట్లో చదవండి. నేను చెప్పేది అందులో ఉందో లేదో చూడండి. మీ ఇంట చోటు ఇరుకైనా సిగ్గుపడకండి. ప్రభువు ఇరుకు ఇళ్లు ఎరిగినవాడు. ఆమేన్.