విడిగా పెట్టిన కంచం

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్ళు ఫోన్ చేస్తే, చాలా ఏళ్ళుగా మనసులో ఉన్న ఒక సంగతి రాయాలనిపించింది. నేనిప్పుడు ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. కఫం శాంపిళ్ళు చూడడమే నా పని.

2004 డిసెంబర్. సికింద్రాబాద్‌లో మేము తొమ్మిదో తరగతి. ఒకే హాల్లో ముప్పై మందిమి, చాపకు చాప ఆనుకొని పడుకునేవాళ్ళం. నా పక్క చాపవాడిది నల్గొండ జిల్లా. ముందు జలుబు చేసింది. తర్వాత ఒక రాత్రి వణుకుతో జ్వరం, ఊపిరి తీస్తే పక్కలో పొడుస్తోందని ఏడుపు. తెల్లారి ఉమ్మి ఇటుక రంగులో పడింది. "టీబీ రా" అన్నారెవరో. అంతే, వాడి చాప వరండాలోకి పోయింది. వాడి కంచం, గ్లాసు తీసి కిటికీలో విడిగా పెట్టింది నేనే. మా ఊరి హోటల్‌లో మావాళ్ళకు వేరే గ్లాసులుంటే చూసి పళ్ళు కొరికినవాణ్ణి!

మర్నాడు వార్డెన్ సార్ చూసి, కామాటి అన్నను తోడిచ్చి ఆటోలో పెద్దాసుపత్రికి పంపారు. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి కింది భాగం తెల్లగా ఉందట. నిమ్ము చేరింది, న్యుమోనియా అన్నారు. ఇంజక్షన్లతో తొమ్మిది రోజులకు తిరిగొచ్చాడు. నాతో మాత్రం ఆ ఏడాదంతా ముభావంగానే ఉన్నాడు.

మన ఊరి పేరు చెబితే సైన్సు వాళ్ళకు 1897లో బేగంపేటలో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసిన రొనాల్డ్ రాస్ గుర్తొస్తాడు. నాకు మాత్రం న్యుమోకాకస్ గుర్తొస్తుంది. డిగ్రీలో మైక్రోస్కోప్ కింద మొదటిసారి చూశాను. జంటజంటలుగా, ఒక కొస సన్నగా ఉంటుంది. దాని బలమంతా ఒంటిమీది చక్కెర తొడుగులోనే ఉంది. ఆ తొడుగు వల్ల మన తెల్లకణాలకు అది సులభంగా చిక్కదు. ఆ తొడుగుల్లో నూరుకు పైగా రకాలున్నాయి. 1928లో గ్రిఫిత్ తొడుగు లేని బతికున్న క్రిములను, తొడుగుండి వేడికి చచ్చిన క్రిములతో కలిపి ఎలుకలకు ఎక్కించాడు. ఎలుకలు చచ్చాయి. వాటి రక్తంలో తొడుగున్న క్రిములు బతికి కనిపించాయి! చచ్చినవాటి నుంచి బతికినవాటికి వెళ్ళిందేమిటో 1944లో ఏవరీ బృందం తేల్చింది: డీఎన్ఏ. ఇంటర్లో మనం బట్టీపట్టిన పాఠం ఈ క్రిమి పెట్టిన భిక్షే.

కానీ నన్ను నిలబెట్టేసిన వాక్యం వేరే ఉంది. ఈ క్రిమి ఆరోగ్యంగా ఉన్న పిల్లల ముక్కు లోపల, గొంతు వెనకాల కూడా ఏ హానీ చేయకుండా కాపురముంటుంది. దగ్గు, తుమ్ము తుంపర్లతో పక్కవాడికి చేరుతుంది. జలుబో ఫ్లూనో వచ్చి ఒళ్ళు బలహీనపడితే ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. అంటే మా హాల్లో ఎందరి ముక్కుల్లో ఉందో! నా పక్క చాపవాడికి నా దగ్గర్నుంచే వెళ్ళి ఉండొచ్చు.

2022లో చిలకలగూడలో ఒక పెళ్ళిలో కలిస్తే ఇదంతా వాడికి చెప్పాను. "గట్లయితే ఆ పురుగు నీదేనేమో రా!" అని పకపకా నవ్వాడు. కాసేపాగి, "కంచం తీసింది నువ్వేనని నాకు అప్పుడే తెలుసు" అన్నాడు. నాకు మాట రాలేదు.

తర్వాత జేబులోంచి కూతురి టీకాల కార్డు తీశాడు. 2021 నుంచి దేశమంతటా పిల్లలకు ఉచితంగా ఇస్తున్న పీసీవీ టీకా ఈ క్రిమికే. ఆ చక్కెర తొడుగునే ఒక ప్రొటీన్‌కు అతికించి తయారుచేస్తారు. ఆరు వారాలది, పద్నాలుగు వారాలది పడ్డాయి. తొమ్మిదో నెలది ఎప్పుడని అడిగాడు. వేళ్ళమీద లెక్కపెట్టి, ఇంకో పన్నెండు రోజులుందని చెప్పాను.