ఎవరి మాయాబజార్ వాళ్లది

మాయాబజార్‌ని మా ఇంట్లో మూడు తరాలు మూడు తెరల మీద చూశాయి. అమ్మ డబ్బా టీవీలో చూసింది. చిన్న తెర, వంపు తిరిగిన గాజు. బొమ్మ అంచులు కొంత ఫ్రేము వెనకే ఉండిపోయేవి. అందులో కళ్లకి ఆనేవి మొహాలే. అందుకే అమ్మకి ఈ సినిమా అంటే సావిత్రి కళ్లు, సీఎస్సార్ శకుని నవ్వు, రంగారావు కనుబొమలు.

నాకు పెద్ద ఎల్‌ఈడీ తెర వచ్చాక గోఖలే, కళాధర్ వేసిన సెట్లు కనబడ్డాయి. స్తంభాల మీది చెక్కడం, నగల పనితనం, సభలో చివరి వరసలో కూర్చున్నవాళ్ల ముఖకవళికలు కూడా తెలిశాయి. మా అబ్బాయి ఫోన్‌లో, చెవులకి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని చూస్తాడు. అరచేతిలో సెట్లేం కనబడతాయి? వాడికి పింగళి నాగేంద్రరావు మాటలు మాత్రం అక్షరం పొల్లుపోకుండా వచ్చేశాయి.

ఒక్కో తెర ఒక్కో సొగసు చూపిస్తే సంతోషమే. చూపించాల్సినదాన్ని చెరిపేస్తేనే బాధ.

1957 నాటి ఈ సినిమా బొమ్మ కొలత దాదాపు 4:3. ఇప్పటి టీవీలు 16:9. తెరంతా నిండాలని బొమ్మని సాగదీస్తే మనుషులు మూడో వంతు లావెక్కిపోతారు. 'అహ నా పెళ్ళియంట' పాటే తీసుకోండి. అక్కడ ఆడుతున్నది శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు. నాజూకైన ఆడపిల్ల ఒంట్లోంచి రాక్షసుడి బరువు, దర్పం తొంగిచూడాలి. సావిత్రి నటనంతా ఆ తేడాలోనే ఉంది. సాగిన బొమ్మలో అందరూ బరువుగానే ఉంటారు, ఆ తేడా ఎవరికి తెలుస్తుంది? పోనీ జూమ్ పెడదామంటే పైనా కిందా కలిపి నాలుగో వంతు తెగిపోతుంది. నాట్యంలో పాదాలు కనబడకపోతే ఇంకేముంది!

కొత్త టీవీల్లో ఇంకో సదుపాయం ఉంది, మోషన్ స్మూతింగ్. సినిమాలో సెకనుకి 24 ఫ్రేములు. వాటి మధ్య టీవీ తనే లెక్కగట్టి కొత్త ఫ్రేములు చేర్చేస్తుంది. కదలిక నున్నగా జారిపోతుంది, సినిమా కాస్తా సీరియల్‌లా కనబడుతుంది. ఆ కొత్త ఫ్రేములు మార్కస్ బార్ట్లీ కెమెరా చూసినవి కావు. 'లాహిరి లాహిరి' పాటలో ఆయన తెలుపు నలుపుల మధ్య ఛాయలతో వెన్నెల కురిపించాడు. బొమ్మని మరీ వెలుగుగా చూపే వివిడ్ మోడ్‌లో ఆ ఛాయలన్నీ కొట్టుకుపోతాయి.

పాత సినిమా పెట్టేముందు రిమోట్ తీసుకుని బొమ్మ కొలత 4:3కి మార్చండి. మోషన్ స్మూతింగ్ ఆపేయండి. వెలుగు తగ్గించండి. పక్కల నల్లగా మిగిలే నాలుగో వంతు చూసి, అంత డబ్బు పోసి కొన్న తెర దండగైపోయిందని అనుకోకండి. దర్శకుడు కె.వి. రెడ్డి మనకి చూపించాలనుకున్నదంతా మిగతా మూడొంతుల్లోనే ఉంది.