సన్నాయి మోగితే ఏమని రాయాలి?

తెలుగు సినిమాని నేను ఇంగ్లీష్‌లో చదువుతాను. మాది రాజమండ్రి పక్క ఊరు. ఆరేళ్లప్పుడు జ్వరం వచ్చి వినికిడి పోయింది. తెలుగు చదవడం, రాయడం బాగానే వచ్చు. కానీ ఓటీటీలో తెలుగు సినిమా పెడితే చాలాసార్లు కింద వచ్చేది ఇంగ్లీష్ సబ్‌టైటిలే. హీరో మా గోదారి యాసలో ఏదో వెటకారం ఆడతాడు, ఇంట్లో అందరూ పడీపడీ నవ్వుతారు. నాకు మాత్రం 'వాట్ ఆర్ యూ డూయింగ్ హియర్?' అని కనిపిస్తుంది. అందులో నవ్వడానికి ఏముందో మీరే చెప్పండి!

థియేటర్లో అదీ ఉండదు. విచిత్రమేంటంటే, అదే సినిమా అమెరికాలో ఆడితే ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ వేస్తారు. డాలస్‌లో మా బావ తీసుకెళ్లిన తెలుగు రాని ఫ్రెండ్‌కి కథ అర్థమవుతుంది, రాజమండ్రిలో నాకు అవ్వదు. 2018లో 'రంగస్థలం'కి చెల్లితో వెళ్లా. అందులో చిట్టిబాబుకి సరిగ్గా వినపడదు కదా. వినపడని హీరో కథని, చెల్లి ఫోన్‌లో డైలాగులు టైప్ చేస్తుంటే నేను చూశాను. ఫోన్ వెలుగు కళ్లలో పడుతోందని వెనక సీటాయన గొడవ. పాపం, ఆయన తప్పూ లేదు లెండి.

వైకల్యం మన సినిమాకి కొత్త కాదు. 'సిరివెన్నెల'లో హీరో చూపు లేని వేణుగాన విద్వాంసుడు, ఇంకో ముఖ్య పాత్ర మాటలు రాని చిత్రకారిణి. గొప్ప సినిమా, కాదనను. కానీ ఆ పాత్రలు వేసింది చూపు, మాట ఉన్నవాళ్లే. 1985లో వచ్చిన 'మయూరి' వేరు. ప్రమాదంలో కాలు పోయి, జైపూర్ కాలుతో మళ్లీ నాట్యం చేసిన సుధాచంద్రన్ తన కథలో తనే నటించారు. అంత ముందే మొదలుపెట్టిన మనం అక్కడే ఎందుకు ఆగిపోయామో! 2022లో 'కోడా'కి ఉత్తమ చిత్రం ఆస్కార్ వచ్చింది. అందులో తండ్రి పాత్ర వేసిన బధిర నటుడు ట్రాయ్ కోట్సర్‌కీ ఆస్కార్ దక్కింది. ఆ పాత్రకి వినికిడి ఉన్న నటుణ్ని పెడితే తను సినిమా నుంచి తప్పుకుంటానని మార్లీ మాట్లిన్ పట్టుబట్టారు. ఆమె కూడా బధిర నటే.

ఇక్కడా అడిగేవాళ్లు అడుగుతున్నారు. 2023లో వైకల్యం ఉన్నవాళ్లు కోర్టుకెక్కితే, 'పఠాన్' ఓటీటీ వెర్షన్‌కి క్యాప్షన్లు, ఆడియో డిస్క్రిప్షన్ సిద్ధం చేయమని ఢిల్లీ హైకోర్టు చెప్పింది. మరుసటి ఏడాది మార్చిలో థియేటర్ల కోసం కేంద్రం మార్గదర్శకాలూ ఇచ్చింది.

నేను హైదరాబాద్‌లో వీడియో ఎడిటర్‌ని. ఈమధ్య ఫ్రెండ్స్‌తో ఓ షార్ట్ ఫిల్మ్ చేశాం. క్యాప్షన్లు తెలుగులోనే ఉండాలన్నాను. "ఫ్రేమ్ పాడవుతుంది, తీసేద్దాం" అన్నాడు డైరెక్టర్. "అయితే నా పేరూ తీసెయ్ అన్నా" అని మెసేజ్ పెట్టా. రెండ్రోజులు మాటల్లేవు. చివరికి ఒప్పుకున్నాడు కానీ, అప్పగింతల సీన్ దగ్గర మళ్లీ పేచీ. 'విషాద సంగీతం' అని పెట్టేస్తే పనైపోతుందట. ఎలాంటి విషాదం? క్రిస్టీన్ సన్ కిమ్ అనే బధిర ఆర్టిస్ట్ 2020లో 'క్లోజర్ క్యాప్షన్స్' అని ఒక వీడియో చేశారు. శబ్దాల్ని పొడిపొడిగా కాకుండా కవిత్వంలా రాస్తే క్యాప్షన్ ఎలా ఉంటుందో చూపించారు. అది చూశాక 'విషాద సంగీతం' అని రాయడానికి నాకు చెయ్యి రాదు.

సౌండ్ చూసే కుర్రాణ్ని కూర్చోబెట్టి, అసలు ఏం వినిపిస్తోందో టైప్ చేయమన్నా. చాలాసేపు ఆలోచించి రాశాడు: "సన్నాయి అక్కా. ఏడుపొస్తోంది, కానీ పెళ్లి కదా అని ఆపుకుంటున్నట్టుంది."

'సన్నాయి - ఏడుపు ఆపుకుంటున్నట్టు' అని పెట్టాను. డైరెక్టర్ రెండుసార్లు చదివి, ఆ షాట్ ఇంకో రెండు సెకన్లు ఉంచమన్నాడు.