కాలు కనిపించే ఫోటో

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ సారు అడిగినప్పుడు మా గదిలో ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. కవితలు రాసేవాళ్లు మన హాస్టల్లో చాలామంది ఉన్నారు. మాకు తెలిసింది ఎం.ఎస్సీ. ఫిజిక్సు, ఆదివారాల క్యాటరింగ్ పని, ఆ పని డబ్బులు తలా నాలుగు వేలు వేసుకుని కొన్న ఒక పాత క్యానన్ 700డి కెమెరా. అందుకే ఆటల పోటీల్లో పోల్ వాల్ట్ ఫోటోలు తీయడం గురించి రాస్తున్నాం.

2021 సెప్టెంబరులో హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ జరిగాయి. 1500 మీటర్ల పరుగులో హర్మిలన్ బైన్స్ జాతీయ రికార్డు సృష్టించింది అక్కడే. మేం అప్పుడే డిగ్రీలో చేరుతున్నాం. ఆ ముచ్చట్లు విన్నప్పటి నుంచి మాకు ఆటల మీద మనసు పడింది. కెమెరా కొన్నాక జిల్లా మీట్ అయినా, రాష్ట్ర మీట్ అయినా బస్సెక్కి వెళ్లడం అలవాటైంది. కెమెరా ఉన్నవాళ్లంతా వంద మీటర్ల ఫినిషింగ్ దగ్గర గుమిగూడతారు. పోల్ వాల్ట్ మాత్రం మైదానంలో ఓ మూలన రెండు మూడు గంటలు సాగుతుంది. అక్కడ నీడ ఉండదు, జనం ఉండరు. మేం అక్కడ కూర్చున్నాం.

ఈ ఆట చూడని తమ్ముళ్ల కోసం కొంచెం చెప్తాం. పరుగెత్తే దారి కనీసం 40 మీటర్లు. దాని చివర నేలలోకి 20 సెంటీమీటర్ల లోతున ఒక పెట్టె దించి ఉంటుంది. పరుగెత్తుకుంటూ వచ్చి కర్ర కొనను ఆ పెట్టెలో గుచ్చి పైకి లేవాలి. కర్ర అంటున్నాం గానీ అది ఫైబర్ గ్లాస్. విల్లులా వంగి, మళ్లీ నిటారవుతూ మనిషిని పైకి విసురుతుంది. పరుగులోని గతిశక్తి ఎత్తులోని స్థితిశక్తిగా మారడమన్నమాట. ఇంటర్లో బట్టీ పట్టిన సూత్రం ఇక్కడ కళ్లముందు కనబడుతుంది. వరుసగా మూడుసార్లు తప్పితే ఆట అయిపోయినట్టే. కాబట్టి ఈ ఆటలో గెలిచినవాళ్లు కూడా మామూలుగా చివరికి బార్ తప్పాకే ఇంటికి వెళ్తారు. మాకు ఇది బాగా నచ్చింది.

కర్రల సంగతి వేరే కథ. ఎత్తును బట్టి, మనిషి బరువును బట్టి వేర్వేరు కర్రలు కావాలి. ఒక్కోదాని ధర మా కెమెరాకు ఎన్నో రెట్లు. మేం చూసిన ఒక మీట్లో నలుగురు ఒకే కర్రను చేతులు మార్చుకుంటూ దూకారు. ఊరు దాటించడం ఇంకో బాధ. 2025 ఫిబ్రవరిలో జాతీయ క్రీడల్లో 5.32 మీటర్లు దూకి జాతీయ రికార్డు సాధించిన దేవ్ మీనా లాంటి వాడినే, 2026 జనవరిలో కర్రలు తెచ్చాడని పన్వేల్ స్టేషన్లో రైలు దింపేశారు. మన పిల్లల కర్ర బస్సు టాపు మీద ఎట్లా వస్తుందో ఇక ఊహించుకోండి.

ఇప్పుడు ఫోటో. నేల విడిచినప్పటి నుంచి బార్ దాటేదాకా సుమారు ఒకటిన్నర సెకను. మా కెమెరా సెకనుకు ఐదు ఫోటోలు తీస్తుంది. అంటే ఏడో ఎనిమిదో వస్తాయి. షట్టర్ సెకనులో వెయ్యోవంతుకు పెడితేనే మనిషి స్పష్టంగా నిలుస్తాడు. సాయంత్రం వెలుతురు తగ్గితే ఐఎస్ఓ పెంచాలి, అప్పుడు ఫోటో మీద ఇసుక చల్లినట్టు గింజలు పడతాయి. పేపర్లకు కావలసింది బార్ మీద మనిషి తేలుతున్న ఫోటో. వెనక ఆకాశం, కింద బార్, చూడటానికి గొప్పగా ఉంటుంది.

ఇంకో ఫోటో విలువ మాకు తెలిపింది ఒక ఇంటర్ అమ్మాయి. గురుకులం నుంచి రాష్ట్ర మీట్‌కు వచ్చింది. 2.40 మీటర్ల దగ్గర రెండుసార్లు బార్ పడగొట్టింది. మేం తాడు ఇవతల కూర్చుని ఫోటోలు చూసుకుంటుంటే వచ్చి, "అన్నా, కాలు కనిపించేది ఉందా?" అని అడిగింది. బార్ మీది ఫోటో చూపిస్తే తల అడ్డంగా ఊపింది. "అది కాదన్నా, లేచేటప్పటిది."

మావాడొకడు పక్కనుంచి, పెట్టెకు మూడు మీటర్ల ఇవతలికి గురిపెట్టి తీసినవి ఉన్నాయి. అది చూసింది. కుడిచేయి పైన పట్టేవాళ్లు ఎడమకాలితో లేస్తారు. ఆ క్షణంలో పై చేతి నుంచి కిందికి గీత గీస్తే అది లేచే కాలి మీద పడాలి. ఆమె కాలు పెట్టె వైపు జానెడు ముందుకు పోయి ఉంది. అట్లా పోతే కర్ర మనిషిని పైకి లేపకుండా వెనక్కి గుంజుతుంది. ఆమె పీఈటీ మేడం వారం నుంచి నోటితో చెప్తున్నది ఇదేనట. తాడు బయటివాళ్లు తీసిన ఫోటోలు చూసుకోవడానికి రూల్స్ ఒప్పుకుంటాయి, కెమెరా లోపలికి పోకూడదంతే. ఆమె ఏమీ మాట్లాడకుండా వెళ్లి, పరుగు మొదలుపెట్టే గుర్తును ఒక పాదం వెనక్కి జరుపుకుంది.

మూడోసారి కూడా బార్ పడింది. మోకాలు తగిలింది. కానీ ఫోటోలో కాలు సరిగ్గా చేతి కింద ఉంది. ప్రింటు కావాలని అడిగింది ఆ ఫోటోనే.

ఇంటర్నెట్లో వెతికితే తెలిసింది, ఫోటోలు కొత్తగా వచ్చిన కాలంలో కూడా ఇదే ఆరాటం అని. 1885లో ఫిలడెల్ఫియాలో థామస్ ఈకిన్స్ అనే చిత్రకారుడు పోల్ వాల్టర్‌ను ఒకే ప్లేటు మీద వరుసగా తీశాడు. పారిస్‌లో మారే అనే శాస్త్రవేత్త కూడా అట్లాంటివే తీశాడు. వాళ్లకు పతకం ఎవరికన్నది పట్టలేదు. శరీరం ఎట్లా లేస్తుందో చూడాలి, అంతే.

చూడటంలో కూడా తేడా ఉంది. 2007లో అమెరికాలో హైస్కూలు చదివే ఒక పోల్ వాల్ట్ అమ్మాయి ఫోటో ఇంటర్నెట్‌కెక్కి ప్రపంచమంతా తిరిగింది. ఎంత ఎత్తు దూకిందని అడిగినవాళ్లు తక్కువ, ఆమె రూపం గురించి కూసినవాళ్లు ఎక్కువ. 2024 పారిస్ ఒలింపిక్స్ అప్పుడు కూడా, ఆడవాళ్లను మగవాళ్లను ఒకేలా చూపించమని కెమెరామెన్లకు ప్రసార సంస్థ పెద్దలు చెప్పాల్సి వచ్చింది. పోల్ వాల్ట్‌లో శరీరం తలకిందులవుతుంది, బట్ట జరుగుతుంది. కాబట్టి మేం ముగ్గురం ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. చెల్లెళ్లు చూడకముందు వాళ్ల ఫోటో ఎవరికీ పంపం. వాళ్లు వద్దన్నది అక్కడే డిలీట్. ఒకసారి మా వాటన్నింట్లోకి మంచిదనుకున్న ఫోటో పోయింది. పోనీ.

మా ముగ్గురి ఇళ్లలో డిగ్రీ చదివింది మేమే మొదలు. ఇంట్లో ఫోటోలంటే రేషన్ కార్డువి, హాస్టల్ అడ్మిషన్‌కు దిగిన పాస్‌పోర్ట్ సైజువి. కదలొద్దు, గడ్డం ఎత్తు, అని స్టూడియో ఆయన అంటుంటే ఊపిరి బిగబట్టి దిగినవి. మా అమ్మ ఫోటోలో కూడా అదే బిగింపు. ప్రింటు తీసుకునేటప్పుడు ఆ అమ్మాయి చెప్పింది, తమ ఇంట్లో తను కదులుతూ ఉన్న ఫోటో ఇదే మొదటిదని. దాన్ని పీఈటీ మేడంకు చూపించాక ఇంటికి పంపుతానంది. బార్ పడింది కదా అంటే, "అమ్మకు బార్ సంగతి తెల్వదన్నా, కర్ర వంగింది చూస్తది" అని నవ్వింది.

రాబోయే మీట్‌కు మేం వెళ్తున్నాం. ఫోటోలు తీయడం నేర్చుకోవాలనుకునే తమ్ముళ్లెవరైనా ఉంటే మా గదికి రండి. బ్యాటరీ ఒక్కటే ఉంది, రాత్రి కరెంటు ఉన్నప్పుడు ఛార్జింగ్ పెట్టే పని మీది. టోపీ తెచ్చుకోండి, అక్కడ నీడ ఉండదు.