నాలుగో సంచి

మా ఇంట్లో ఉన్నది ఒక్క కెమెరా. దానికి సంచులు మాత్రం నాలుగు. ఈ లెక్క వేసింది నేను కాదు, మొన్న క్లాజెట్ సర్దుతూ మా ఆవిడ వేసింది. "ఈ ఇంట్లో మనుషులకి కూడా ఇన్ని స్వెట్టర్లు లేవండీ" అని ఓ చురక కూడా అంటించింది. ఏదో ఒకటి చెబుదామనుకున్నాను గానీ, అది ఒక్క మాటలో తేలే వ్యవహారం కాదు.

మొదటిది నల్ల బ్యాక్‌ప్యాకు. 2007లో, డిజిటల్ ఎస్సెల్లార్ కొన్న ఊపులో కొన్నది. కెమెరా కొన్నవాడికి సలహాలు ఇచ్చేవాళ్ళకి కొదవుండదు కదా! రేపు ఇంకో లెన్సు కొంటావు, ఎల్లుండి ఫ్లాష్ కొంటావు, మరి వాటికి చోటో? అన్నారు. లెన్సులు ఇప్పటిదాకా కొనలేదు. చోటు ఉంది కదా అని అందులోకి గొడుగు, బిస్కెట్ పాకెట్లు, మా అమ్మాయి మేజోళ్ళు వచ్చి చేరాయి. కెమెరా అడుక్కి పోయింది.

భద్రత విషయంలో మాత్రం దానికి వంక పెట్టడానికి లేదు. చుట్టూ మందపాటి స్పాంజి, మూడు జిప్పులు, పైన వానకి తొడుగు. మెట్ల మీంచి దొర్లినా లోపల కెమెరాకి ఏమీ కాదనిపించేది. ఆ భద్రత ఖరీదెంతో 2008 డిసెంబరులో తెనాలి స్టేషన్లో తెలిసింది.

సెలవు అయిపోయింది. చెన్నై వెళ్ళి విమానం ఎక్కాలి. పొద్దున్నే పినాకిని ఎక్స్‌ప్రెస్. చలిలో వద్దన్నా వినకుండా నాన్న స్టేషన్‌కి వచ్చారు. తలకి మఫ్లరు, చేతిలో అమ్మ కట్టిన పులిహోర పొట్లం. ఆ మూడు వారాల్లో నేను గుళ్ళు తీశాను, పొలాలు తీశాను, పక్కింటివాళ్ళ పిల్లిని కూడా తీశాను. నాన్నని తీయలేదు. ఆయన ఎక్కడికి పోతారులే అన్న ధీమా.

రైలు కదిలింది. కిటికీ పక్కనే నడుస్తూ "చేరగానే ఫోన్ చెయ్యి" అన్నారు. ఉన్నట్టుండి నవ్వి, "ఏరా, అంత కెమెరా కొన్నావు, నన్నొకటి తీయవేంట్రా?" అన్నారు. వేళాకోళానికే.

సంచి ఒళ్ళోకి లాగాను. ఒక జిప్పు. పులిహోర పక్కన పెట్టి ఇంకో జిప్పు. గొడుగు, బిస్కెట్లు... కెమెరా చేతికొచ్చేసరికి ప్లాట్‌ఫాం అయిపోయింది. ఆ కంగారులో నొక్కిన ఫొటో ఇప్పటికీ ఉంది. అందులో ఒక సిగ్నల్ స్తంభం, రెండు మేకలు, బోలెడు పొగమంచు.

2009 ఆగస్టులో నాన్న పోయారు. గోడకి తగిలించిన పటం, ఎప్పుడో ఆఫీసు కార్డు కోసం స్టూడియోలో తీయించుకున్న పాస్‌పోర్టు సైజు ఫొటోని పెద్దది చేయించింది. అందులో ఆయన నవ్వడం లేదు.

ఆ కార్యక్రమాలకి వెళ్ళినప్పుడే బీరువాలో నాన్న పాత కెమెరా కనబడింది. ఆగ్ఫా క్లిక్ త్రీ. 120 రోలు వేస్తే 12 బొమ్మలొచ్చేవి. నా చిన్నప్పటి ఫొటోలన్నీ దాంతో తీసినవే. తోలు సంచిలో పెట్టి, దాని చుట్టూ పాత పట్టుచీర ముక్క చుట్టి, బట్టల వెనకాల దాచారు. తీసి చూస్తే లెన్సు మీద సాలెగూడులా బూజు. తోలు తేమని పట్టి ఉంచుతుంది. చీకటి, గాలాడని చోటు, మన కోస్తా ఉక్క... బూజుకి ఇంకేం కావాలి? పాడవకూడదని దాచిన సంచే దాన్ని పాడుచేసింది. నాన్నా నేనూ ఇద్దరం ఒకే తప్పు చేశాం అనిపించింది.

తిరిగొచ్చాక చిన్న సంచి కోసం వెతుకులాట మొదలు. రెండోది బెల్టుకి తగిలించుకునేది. మరీ చిన్నదై, ప్రతిసారీ లెన్సు విప్పితే తప్ప పట్టేది కాదు. మూడోది వెల్‌క్రో మూత. 2010లో బ్రిడ్జ్‌వాటర్ గుళ్ళో మా అమ్మాయి అక్షరాభ్యాసం నాడు దాన్ని తెరిస్తే చర్రుమని చప్పుడొచ్చి, పూజారిగారు మంత్రం ఆపి నావైపు చూశారు.

ఇలా కాదని 2011లో ఓ ఆదివారం ప్రిన్స్‌టన్ జంక్షన్లో రైలెక్కి న్యూయార్కు వెళ్ళాను. పెన్ స్టేషన్ నుంచి తొమ్మిదో అవెన్యూలోని బీ అండ్ హెచ్‌కి నడిచి పోవచ్చు. శనివారం వెళ్తే మాత్రం తలుపులు మూసి ఉంటాయి, వాళ్ళకది సబ్బాతు. లోపల నెత్తి మీంచి పట్టాల మీద సామాన్ల డబ్బాలు పోతుంటాయి, చూడ్డానికి సరదాగా ఉంటుంది.

నా కెమెరా నేను తీసుకెళ్ళాను. ఒక్కో సంచిలో పెట్టడం, భుజాన వేసుకోవడం, కళ్ళు మూసుకుని ఒంటిచేత్తో తీయడం, మనసులో అంకెలు లెక్కపెట్టుకోవడం. కౌంటరు దగ్గరాయన కాసేపు చూసి, ఒక క్యాన్వాసు సంచి ముందు పెట్టాడు. మనకి గంట దూరంలో ఉన్న ఫిలడెల్ఫియాలో, ఇన్‌క్వైరర్ పత్రిక ఫొటోగ్రాఫర్ జిమ్ డామ్కీ 1970లలో పెట్టెల్లాంటి సంచులతో విసిగిపోయి మెత్తటి గుడ్డ సంచి కుట్టించుకున్నాడట. ఆ బాపతు సంచుల్లో చిన్నది. ఒకటే మూత, ఒకటే కొక్కెం. లెన్సు కిందికి ఉండేలా కెమెరా దిగుతుంది, చుట్టూ వేలు దూరేంత జాగా. స్పాంజి పల్చనే. కింద పడేస్తే నా పూచీ లేదు అన్నట్టుంటుంది. నాలుగు లెక్కపెట్టేలోపు కెమెరా కంటి దగ్గరుంది. కొనేశాను.

ఇప్పుడు ఫోనే కెమెరా, సంచి గొడవే లేదు అంటారేమో. నిజమే. ఫోను గెలిచింది కూడా అందుకే, జేబులో ఉంటుంది గనక.

2014 జనవరిలో అమ్మ మా ప్లెయిన్స్‌బరో వచ్చింది. ఓ ఎండ కాసిన మధ్యాహ్నం ఊళ్ళోని ప్రిజర్వ్‌కి తీసుకెళ్ళాం. మెకార్మిక్ చెరువు గడ్డకట్టి ఉంది. అమ్మ చీర మీద నా కోటు వేసుకుని, మంచులో ఒక్కో అడుగూ ఆచితూచి వేస్తూ, ఉన్నట్టుండి చిన్నపిల్లలా నవ్వింది. ఒకటి, రెండు, మూడు... "ఆగరా, జుట్టు సరిచేసుకోనీ" అనేలోపు నొక్కేశాను.

ఇంటికొచ్చాక "ఏదీ, చూపించు" అంది. ఇక్కడ మాత్రం తొందర పనికిరాదు. గడ్డకట్టే చలిలోంచి వెచ్చటి ఇంట్లోకి తెచ్చిన కెమెరాని వెంటనే బయటికి తీస్తే, చల్లటి చెంబుకి పట్టినట్టు చెమ్మ పడుతుంది. అందుకే బయట ఉండగానే జిప్‌లాక్ కవర్లో పెట్టి, మూతి బిగించి, సంచి మూసేశాను. రెండు గంటలు ముట్టుకోకూడదని చెప్పాను. "అదేంట్రా, పాలు తోడుకోవాలా?" అంది అమ్మ. అక్షరాలా అంతే.

ఆ ఫొటో ఇప్పుడు హాల్లో ఉంది. మా ఆవిడతో బేరం కుదిరింది. రెండో సంచి, మూడో సంచి ఎవరికైనా ఇచ్చేస్తాం. నల్లదాన్ని పారెయ్యలేకపోయాను. నాలుగోది తలుపు పక్కన మేకుకి వేలాడుతోంది, కొక్కెం పెట్టకుండా, లోపల రెండు సిలికా జెల్ పొట్లాలతో.

మీరెవరైనా కెమెరా సంచి కొనబోతుంటే, స్పాంజి మందం తర్వాత చూసుకోవచ్చు. ముందు కళ్ళు మూసుకుని అంకెలు లెక్కపెట్టండి. నాలుగు దాటితే వద్దు.