పూరీలో రాత్రి బస

బరంపురం నుంచి ఖుర్దారోడ్డు మీదుగా పూరీ వెళ్ళే మనవారికి జగన్నాథ దర్శనం ఎంత ముఖ్యమో, ఆ రాత్రి కంటినిండా నిద్ర కూడ అంత అవసరమే. పోయిన ఏడు మేము సముద్రతీరాన ఒక లాడ్జిలో దిగాము. దుప్పట్లు మల్లెపూవుల్లా ఉన్నాయి. అయినా మా అత్తగారు సామాను గుమ్మంలోనే ఉంచమని, పరుపు అంచు ఎత్తి చూపారు. కుట్ల వెంబడి నల్లని చుక్కలు!

నల్లులు పగలు కుట్లలో, మంచపు కీళ్ళలో దాగి రాత్రి బయటికి వస్తాయి. తిండి లేకున్నా నెలల తరబడి బ్రతుకుతాయి. అవి కుడితే దద్దురు, దురదలే గాని, రోగాలు అంటిస్తాయని రుజువు లేదు. అయితే పెట్టెలో చేరి ఇల్లు చేరితే వదిలించుకోవడం గగనం. ఇంట్లో మాకు ఆరునెలల పసిబిడ్డ ఉన్నది. గది మార్చమన్నాము, గుమాస్తా మారుమాటాడక మార్చాడు. ఇంటికి రాగానే బట్టలన్నీ 60 డిగ్రీల వేడినీటిలో ఉతికించాము.

దుప్పటి తెల్లదనమొక్కటే శుభ్రతకు సాక్ష్యం కాదు. యాత్రకు బయలుదేరే సోదరీమణులు ఒక టార్చిలైటు, సొంత దుప్పట్లు వెంట ఉంచుకోవాలి. డబ్బిచ్చి తీసుకునే గదిని పరీక్షించి చూడడంలో మొగమాటమెందుకు?